పెట్టెలోని ఎండెన్ నౌక

గత డిసెంబరు మాసమున మన పాఠశాలకు సముద్రము దాటి యొక పెట్టె వచ్చిన సంగతి విద్యార్థులలో ననేకు లెరుగుదురు. ఇచ్చటనే పదవ తరగతి ముగించి, నావికవిద్య నభ్యసించి, ఇప్పుడు సరకు నౌకలలో ఉద్యోగము చేయుచున్న పూర్వవిద్యార్థి యొకడు దానిని జర్మనీ దేశపు రేవుపట్టణమైన హాంబుర్గులో కొని పాఠశాలకు కానుకగా పంపెను. మూడు పొగగొట్టములుగల యుద్ధనౌక యొకటి నల్లని పొగ విడుచుచు అలలను చీల్చుకొని వచ్చుచున్నట్లు పెట్టె మూతమీద చిత్రింపబడియున్నది. ఆ మూతను చూచినది మొదలు పిల్లలు మూడు దినములు కార్యాలయపు కిటికీని విడిచి కదలలేదు. ప్రధానోపాధ్యాయులవారు నన్ను పిలిచి, "మాష్టరుగారూ, ఇది మన పిల్లలు చేయగల పనియేనా, లేక బీరువాలో పెట్టి చూచుకొనవలసిన వస్తువా? క్రిస్మసు సెలవులలో ఇంటికి కొనిపోయి, విప్పి, నిదానముగా పరీక్షించి చెప్పుడు" అనిరి. ఈ వ్యాసము ఆ పరీక్షాఫలితమే. ఒక పుటలో ముగియవలసిన నివేదిక ఇంత పొడవగుటకు కారణము చదువరులకే తెలియగలదు.

పెట్టెలోనిది ఎండెన్ అను జర్మను యుద్ధనౌకయొక్క నమూనా. నమూనా యనగా చేసియుంచిన బొమ్మ గాదు. బొమ్మను చేసికొనుటకు వలయు భాగములు మాత్రమే. కొలత 350 వంతులలో ఒక వంతు. అసలు నౌక 118 మీటర్లకు కొంచెము పైబడిన పొడవుగలది. దానిని 350 చేత భాగించినచో 34 సెంటీమీటర్లకు కొంచెము తక్కువ వచ్చును. అనగా మన తరగతిలో వాడు అడుగుబద్దకన్న ఒకటింబావు అంగుళము పొడవు. వెడల్పు నాలుగు సెంటీమీటర్ల లోపు. ఇంతమాత్రమునకే యింత సందడియా యని కొందరు పెద్దలు నవ్విరి గాని, ఓడ నమూనాలలో ఇది పెద్ద కొలతగానే యెన్నబడును. అంగళ్లలో విస్తారముగా దొరకునవి 700 వంతులవి. ఈ కొలతలో ఆరడుగుల మనుష్యుడు అయిదు మిల్లీమీటర్లు. బియ్యపు గింజ అంతకన్న పొడుగరి. అసలు నౌకలో అట్టివారు సుమారు 360 మంది పనిచేసిరి.

ఎండెన్ పేరు మా యింట నేను ఊహ తెలిసినది మొదలు వినుచున్నదే. మా తండ్రిగారి తాతగారు మదరాసు రేవులో మూటలు మోయుటతో జీవనము మొదలుపెట్టి, కొంతకాలమునకు ఒక గిడ్డంగిలో కాపలా పని సంపాదించి, రాయపురమున కాపురముండిరి. 1914వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీ రాత్రి, తొమ్మిదిన్నర గంటల ప్రాంతమున, సముద్రముమీదినుండి శోధకదీపముల వెలుగు రేవుమీద పడెను. ఆ వెంటనే ఫిరంగులు మ్రోగెను. సుమారు 3000 గజముల దూరమునకు వచ్చి నిలిచిన ఎండెన్ నౌక 130 గుండ్లవరకు పేల్చినది. బర్మా ఆయిల్ కంపెనీవారి కిరసనాయిలు తొట్లలో రెండు అంటుకొని ఆకాశమంత యెత్తున మండెను. కొందరు మనుష్యులు చచ్చిరి. నౌక దీపము లార్పుకొని వెడలిపోయినది, మరల రాలేదు. రాదని పట్టణములోని వారి కెట్లు తెలియును? మరునాటినుండి వేలకొలది జనము రైళ్లమీదను, బండ్లమీదను, కాలినడకను మదరాసు విడిచిరి. అట్లు నడచినవారిలో మా ముత్తాతగారును, ఆయన భార్యయు, ఇద్దరు పిల్లలును, ఒక రాగి బిందెయు నుండెను. చంకనెక్కిన చిన్నవాడే మా తాతగారు. వారు నెల్లూరు దాటి ఉత్తరమునకు వచ్చిరేగాని తిరిగి పోయినవారు కారు. మా తాతగారు పెద్దవాడై, 1933లో విశాఖపట్టణపు రేవు తెరచిన పిమ్మట అచ్చట పనికి కుదిరిరి. అందువలన మేము విశాఖ వారమైతిమి. తమిళదేశమున జిత్తులమారిని, అసాధ్యుని "ఎండెన్" అని పిలుచు వాడుక కలదు. మా యింటి వాడుక వేరు. చేయుచున్న పనిని భయపడి నడుమ విడిచినవానిని మా నాయనమ్మ "ఎండెనుకు పారినవాడు" అనెడిది. నేను గణితపు పరీక్షకు జ్వరము నటించినప్పుడెల్ల ఆ బిరుదు నాకు దక్కినది.

మా తండ్రిగారు విశాఖలోని హిందూస్థాన్ షిప్‌యార్డులో 1969 మొదలు ముప్పదియైదేండ్లకు పైగా ప్లేటరుగా పనిచేసిరి. ఇనుప రేకులను గీచి, కోసి, వంచి, ఓడ యొంటికి సరిపోవునట్లు నిలుపుట ప్లేటరు పని. 1948లో జవహర్‌లాల్ నెహ్రూగారు నీట విడిచిన "జల ఉష" ఆ కర్మాగారమున కట్టిన మొదటి యోడ. మా తండ్రిగారు అప్పటికి ఏడాది పిల్లవాడు. అయినను ఆ యోడనుగూర్చి తాము దగ్గరనుండి కట్టినట్లే చెప్పుదురు. నేను ఇంటర్మీడియెట్ ముగించిన యేట, ఆయన అప్రెంటిసు పనికి దరఖాస్తు కాగితము నొకటి తెచ్చి నా చదువు బల్లమీద పెట్టిరి. నేను దానిని నింపలేదు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు పోయితిని. ఆయన యేమియు ననలేదు. నేను ఏమియు చెప్పలేదు. ఆ కాగితపు మాట ఇంతవరకు మా యిద్దరిలో నెవరమును ఎత్తలేదు.

ఇప్పుడాయనకు డెబ్బదియెనిమిదేండ్లు. నీటికాసుల వ్యాధిచేత చూపు పోయి, వెలుగు నీడల భేదము మాత్రమే తెలియుచున్నది. అందుచేత నేను పెట్టెను మల్కాపురములోని మా యింటికి కొనిపోయితినేగాని దానినిగూర్చి ఆయనతో చెప్పలేదు. చూడలేనివానికి చూడదగిన వస్తువును చూపుట క్రూరమని నాలో నేనే తీర్పు చెప్పుకొంటిని. రాత్రి భోజనములైన తరువాత, అమ్మ నిద్రించినదని నిశ్చయించుకొని, గదిలో తలుపు వేసికొని పెట్టె మూత తీసితిని.

లోపల బూడిదవన్నె చట్రములు సంచులలో సర్దియుండెను. ప్రతి చట్రమునకును అక్షరము, దానికి అంటియున్న ప్రతి భాగమునకును అంకె. చింతచెట్టు రెమ్మకు కాయలు వ్రేలాడునట్లు సన్నని కాడలకు ఫిరంగులు, పడవలు, నిచ్చెనలు, లంగరులు వ్రేలాడుచున్నవి. వీనిని చేయు విధము పిల్లలు తెలిసికొనదగినదే. పాలిస్టైరీను అను ప్లాస్టిక్కును కరగించి, గట్టి యొత్తిడితో ఉక్కు అచ్చులోనికి చిమ్ముదురు. అది చల్లారి గట్టిపడగానే సన్నని కడ్డీలు దానిని అచ్చునుండి వెలికి నెట్టును. ఆ కడ్డీలు తాకిన చోట్ల గుండ్రని మచ్చలు మిగులును. అచ్చుయొక్క రెండు సగములు కలిసిన చోట సన్నని గీటు మిగులును. అచ్చు అరిగినదైనచో ఆ గీటునుండి పలుచని రెక్క బయటికి పొడుచుకొని వచ్చును. నమూనాను పరీక్షించువాడు మొదట చూడవలసినవి ఈ మూడు గుర్తులే. కడ్డీ మచ్చ కనబడని వైపున నున్నదా, గీటు సన్నముగా నున్నదా, రెక్క ఉన్నదా లేదా? ఈ పెట్టెలో మచ్చలు చాలవరకు లోవైపున నున్నవి. రెక్కలు దాదాపుగా లేవు. నేను సంతోషించి, పుస్తకములో "మిక్కిలి బాగు" అని వ్రాసికొంటిని.

తరువాత లెక్క. ఎండెన్‌కు 10.5 సెంటీమీటర్ల ఫిరంగులు పది. నాకు తొమ్మిదే కనబడినవి. అచ్చటనే కోపము తెచ్చికొని, అమ్మినవారికి ఉత్తరము వ్రాయుటకు వాక్యములు కూర్చుకొనుచు సంచిని దులుపగా, కాడనుండి ఊడిన పదవది మూలనుండి రాలెను. ఆ పిమ్మట నౌకను నడుపు చక్రములను వెదకితిని. ఎండెన్‌కు డ్రెస్డెన్ అను తోబుట్టువు నౌక కలదు. పైకి రెండును ఒక్కటే. కాని డ్రెస్డెన్ టర్బైను యంత్రములతో నాలుగు చక్రములమీద నడచినది. డాన్‌జిగ్ పట్టణమున, అనగా ఇప్పటి పోలండు దేశపు గ్దాన్స్కులో, 1908లో నీటికి దిగిన ఎండెన్ పాతపద్ధతి ఆవిరి యంత్రములు రెండింటితో రెండు చక్రములమీద నడచినది. ఒకే అచ్చుతో తోబుట్టువులైన రెండు నౌకలను పోసి అమ్ముట వ్యాపారులకు అలవాటు. కనుక ఏ చక్రములు ఏ నౌకవో తెలిసికొనకయే అంటించినవాడు పేరొకటి, ఓడ యొకటి చేయును. నేను రెండు చక్రములను కనుగొని విడిగా నుంచితిని. ఒక్కొక్కటి మినపగింజకన్న కొంచెము పెద్దది.

అప్పుడు వరండాలోని మంచముమీదినుండి, "ఏమిరా అది? గుల్లల సంచి విప్పుచున్నట్లున్నది" అని మా తండ్రిగారి కంఠము వినబడెను.

"ఏమియు లేదు నాన్నగారూ. బడి సామగ్రి" అంటిని.

"తలుపు వేసికొని విప్పు సామగ్రి యేమిరా?"

నాకు ఉత్తరము తోచలేదు. నలుబదియైదేండ్లవాడను, ముప్పదిమంది పిల్లల యబద్ధములను దినమును పట్టుకొనువాడను, దొంగిలించిన బెల్లముతో దొరికిన పిల్లవానివలె నిలిచితిని. దీపము తెచ్చి, నౌక దేహముయొక్క రెండు సగములను ఆయన చేతులలో పెట్టి, "ఎండెన్, నాన్నగారూ" అని చెప్పితిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత, "ఆ యెండెనా?" అని మాత్రము అడిగిరి.

ఓడ దేహము కుడి యెడమలుగా రెండు సగములై వచ్చును. ఆయన ఒక సగమును మోకాళ్లమీద బోర్లించి, ముక్కునుండి వెనుకకు బొటనవ్రేలిని మెల్లగా నడిపిరి. మరల వెనుకనుండి ముందుకు. గ్రుడ్డివారి పుస్తకమును చదువువారిని నేను చూచితిని. అది వేరు. ఇది వైద్యుడు నాడి చూచినట్లుండెను. "ముక్కు బాగుగ కోసినారు. నీటిలోనికి కత్తివలె దిగును. పొడవునకు ఇంత సన్నని యొళ్లు, పరుగుపెట్టు ఓడరా ఇది" అనిరి. ఎండెన్ 23 నాట్లకు పైబడిన వేగముతో పరుగెత్తినదని నేను చెప్పగా, చెప్పనక్కరలేదన్నట్లు తల యూపిరి.

తరువాత వ్రేలు ఒకచోట ఆగెను. అచ్చటనే ముందునకు వెనుకకు నాలుగైదుసార్లు తిరిగెను. "దీనికి ప్రక్క తేలినది" అనిరి.

నేను దీపమునకెత్తి చూచితిని. నాకేమియు కనబడలేదు. "లేదు నాన్నగారూ, తిన్నగానే యున్నది" అంటిని. ఆయన వాదింపలేదు. "రెండు సగములను కలిపి పట్టుకొమ్ము. వెనుక మూడవవంతున గోరు దూరునేమో చూడుము" అనిరి. కలిపి పట్టితిని. గోరు దూరినది. నా పుస్తకములోని "మిక్కిలి బాగు" అను మాటను ఆ రాత్రియే కొట్టివేసితిని.

అచ్చునుండి తీసినప్పుడు ఒకవైపు తొందరగను, ఒకవైపు ఆలస్యముగను చల్లారినను, త్రోవలో ఎండకు వేగినను ప్లాస్టిక్ ఇట్లు వంగును. పొడవైన భాగములన్నిటికిని ఈ గండము కలదు. ఎవరి తప్పో తేల్చుటకు వీలు లేదు. మా తండ్రిగారికి ఆ విచారణతో పనియును లేదు. "ప్రతి రేకును వంగును. వంగని రేకును నా సర్వీసులో చూడలేదు" అని, కర్మాగారమున రేకును సరిచేయు విధము చెప్పసాగిరి. వంగినచోట సుత్తితో కొట్టినచో మరియొకచోట లేచునట. గీటు గీచి, ఆ గీటు పొడవున మంటతో కాల్చి, వెంటనే నీళ్లు చల్లవలెనట. కాలినచోట ఇనుము చల్లారుచు ముడుచుకొని, రేకును తనవైపునకు లాగుకొనును. ఎక్కడ గీటు గీయవలెనో, ఎంత కాల్చవలెనో పుస్తకములో లేదు, చేతిలో నున్నది. భౌతికశాస్త్రమున ఉష్ణముచేత పదార్థములు వ్యాకోచించుననియు, చల్లదనముచేత సంకోచించుననియు పందొమ్మిదేండ్లుగా బోధించుచున్నాను. ఇనుప గోళమును, వలయమును చూపుదును. మా యింటనే ముప్పదియైదేండ్లు ఆ సూత్రముచేత ఓడలు కట్టిన మనుష్యుడున్నాడని ఒక్క తరగతిలోనైనను చెప్పియుండలేదు.

మరునాడుదయమున అమ్మ చేపలు కడుగు వెడల్పు పళ్లెమును ఇచ్చినది. నీరు మరగకముందే దించుమని ఆయన చెప్పిరి. నేను ఏదో మాటలో పడి మరగనిచ్చితిని. మరగిన నీటినే తొందరపడి వెనుక భాగముపై పోసితిని. పై యంచు తామరాకు అంచువలె అలలు తేలెను. ఆయన చప్పుడునుబట్టియే తెలిసికొని, "పొయ్యకురా" అని నా మణికట్టు పట్టుకొనిరి. రెండవసారి, నీటిని చేయి చూచి, ఆయనే దేహమును ముంచిరి. మెత్తబడగానే ఒక తిన్నని టేకు చెక్కకు ఆనించి, గుడ్డపేలికలతో మూడుచోట్ల కట్టి, చన్నీళ్లలో దింపిరి. మధ్యాహ్నమునకు విప్పి చూడగా వంకర పోయినది. నేను తెచ్చిన అలలుకూడ చాలవరకు పోయినవి. వెనుక కుడి అంచున ఒకచోట స్వల్పముగా మిగిలినది. చూచువారు అది పెట్టెతో వచ్చిన లోపమని తలపవలదు, అది నాది.

తరువాత రెండు దినములు మేమిద్దరము కూర్చుండి మిగిలిన పరీక్ష చేసితిమి. నేను కొలిచి చెప్పుదును. ఆయన తాకి తీర్పు చెప్పుదురు. దేహపు గోడ మందము ఒకటిన్నర మిల్లీమీటరు. అసలు కొలతకు పెంచినచో అది 52 సెంటీమీటర్లు! జపానువారి మహానౌక యమాటో ప్రక్కల కవచమే 41 సెంటీమీటర్లు. ఎండెన్‌కు ప్రక్కల కవచమే లేదు. లోపలి డెక్కుమీద మాత్రము, మందమైనచోట 8 సెంటీమీటర్ల కవచము. అట్లే దేహముపై రేకుల అతుకులను చూపుటకు చెక్కిన గీట్లు ఉన్నవి. ఆ గీటు ఎత్తు మిల్లీమీటరులో అయిదవవంతు ఉన్నను, అసలులో అది ఏడు సెంటీమీటర్ల గట్టు. మా తండ్రిగారు దానిని తాకి, "ఇట్టి యతుకు పెట్టినవానిని ఫోర్‌మన్ నాడే యింటికి పంపును" అని నవ్విరి. అంత చిన్న కొలతలో నిజమును చెప్పవలెనన్న కొంత అతిశయోక్తి తప్పదని నేను సమర్థించితిని. ఉలికాగితముతో కొంచెము అరగదీయుడని ఆయన తీర్పు. అదియే నివేదికలో వ్రాసితిని.

రెయిలింగులకును, నిచ్చెనలకును సన్నని ఇత్తడి రేకు వేరుగా నున్నది. ఆమ్లముతో తినిపించి చేసినది, వెండ్రుకలంత కమ్ములు. ఇది మన పిల్లల చేతికి కష్టము. ఒకసారి వంగినచో మరల తిన్ననగుట దుర్లభము. దీనిని కడపట, అనుభవము వచ్చిన ఒకరిద్దరికే ఇయ్యవలెను. కొయ్యలనుండి సాగిన తాళ్లకు మాత్రము ఖర్చు లేదు. మిగిలిన చట్రపు కాడను క్రొవ్వొత్తి మంటకు కొంచెము దూరమున మెత్తబరచి లాగినచో సాలెగూడు దారమువంటి తీగె వచ్చును. ఆ పనిని పిల్లలు విడువరు.

అన్నిటికన్న మా తండ్రిగారికి నచ్చినది జిగురు. ఇందులకు వాడునది మనము కాగితముల కంటించు జిగురువంటిది గాదు. అది ప్లాస్టిక్ పైపొరను కొంచెము కరగించును. రెండు భాగముల కరగిన పొరలు కలిసి, ద్రవము ఆవిరియై పోయి, ఒక్కటిగా గట్టిపడును. నేనిది చెప్పగానే ఆయన, "అట్లయిన జిగురు కాదురా, వెల్డింగే" అనిరి. నిజమే. అసలు ఎండెన్‌ను రివెట్లతో కట్టిరి. మన పిల్లలు వెల్డింగుతో కట్టెదరు. ఆ ద్రవపు ఆవిరి పీల్చుట మంచిది కాదు గనుక కిటికీలు తెరచి, ఉపాధ్యాయుని యెదుటనే పని జరుగవలెను.

రంగునుగూర్చి ఒక చిక్కు కలదు. శాంతికాలమున తూర్పు సముద్రములలో ఈ నౌక తెల్లని దేహముతో, పైన పసుపుడాలుతో తిరుగుచుండెను. "తూర్పు హంస" యని పేరు. 1914లో యుద్ధము రాగానే బూడిదరంగు పూసిరి. హంసవలె తెల్లగా చేసినచో అందము. కాని మదరాసుకు వచ్చినది బూడిదరంగు ఓడ. ఆంగ్ల నౌకవలె కనబడుటకై నాలుగవ పొగగొట్టమును గుడ్డతో కట్టి నిలిపిన ఓడయు అదియే. దానిని కాగితముతో చేయవచ్చును. నేను బూడిదరంగునకే వ్రాసితిని.

యుద్ధనౌకను, అందును మన తీరముపై గుండ్లు కురిపించినదానిని, పాఠశాలలో నుంచుట తగునా యని తల్లిదండ్రులలో ఒకరు నన్నడిగిరి. ఈ ప్రశ్నను నేను మా తండ్రిగారితో చెప్పితిని. ఆయన కొంతసేపటికి, "పారిపోయినది మన తాత. కాలినది కంపెనీ నూనె. పేల్చినది జర్మనువాడు. రేవు ఇంగ్లీషువాడిది. ఇందులో మనకు శత్రువెవడురా?" అనిరి. తరువాత ఆ నౌక ఏమైనదని అడిగిరి. వేల మైళ్ల దూరమునకు మన కథ చేరి ఆగినదిగాని, దాని కథ చేరలేదు. నేను చెప్పితిని. కార్ల్ ఫాన్ మ్యూలర్ అను దాని కెప్టెను పట్టుబడిన సరకు నౌకలలోని మనుష్యులకు కీడు చేయలేదు. కబింగా అను నౌకను ముంచక, ఆ మనుష్యుల నందులో కెక్కించి విడిచిపెట్టెను. అదే మనుష్యుడు అక్టోబరు 28న పెనాంగు రేవులో నిలిచియున్న రష్యా యుద్ధనౌకను తెల్లవారుజామున ముంచెను. నవంబరు 9న కోకోస్ దీవులయొద్ద ఆస్ట్రేలియా నౌక సిడ్నీ దీనిని పట్టుకొన్నది. సిడ్నీ ఫిరంగులు పెద్దవి. కొంతసేపటికి మ్యూలర్ తన నౌకను నార్త్ కీలింగ్ దీవిమీదికెక్కించి ఆపెను. అప్పటికి అందులోని 360 మందిలో 130 మందికి పైగా చనిపోయియుండిరి. తీరమునకు దిగియున్న యేబదిమంది మాత్రము అయేషా అను పాత తెరచాప పడవలో తప్పించుకొని పోయిరి.

మా తండ్రిగారు 130 అను సంఖ్యను మరల నాచేత చెప్పించుకొనిరి. మదరాసుపై పేల్చిన గుండ్ల సంఖ్యయు ఇంచుమించుగ నదియే గదా యని అప్పుడు నాకు తోచినది. ఆయనతో అనలేదు.

ప్రధానోపాధ్యాయులవారికి నేనిచ్చిన నివేదిక ఇది. నమూనా మంచిది, పరిపూర్ణము గాదు. తొమ్మిదవ తరగతి పిల్లలు ఆరుగురు, రెండవ శనివారములలో పనిచేసినచో, ఒక సంవత్సరములో ముగింపవచ్చును. భాగములన్నిటిని మొదట సబ్బునీటితో కడుగవలెను; అచ్చునుండి అంటిన జిడ్డు పోనిది రంగు పట్టదు. కత్తి పని నేను చేసెదను. పడవలు, ఫిరంగులు, కొయ్యలు పిల్లలవి. పూర్తియైన పిదప అద్దపు పెట్టెలో నుంచి, క్రింద నౌక పేరుతోపాటు మదరాసు రాత్రి తేదీయు, కోకోస్ దినమున్ను వ్రాయవలెను. దీనికి వారు అంగీకరించిరి.

సెలవులు ముగిసి బయలుదేరునాడు నేను పెట్టెను కట్టుచుండగా మా తండ్రిగారు ప్రక్కన కూర్చుండి, సంచులను ఒక్కొక్కటిగా అందించుచుండిరి. దేహపు సగములను గుడ్డలో చుట్టి కడపట ఇచ్చిరి. "తొందరపడి అంటించకుము. రెండును కలిపి కట్టి వారము దినములుంచి చూడుము. రేకునకు జ్ఞాపకముండును, పాతవంకకు పోజూచును" అనిరి. పిమ్మట, "ఆ చక్రములు రెండును ఎక్కడ పెట్టితివి?" అని అడిగిరి. చూపితిని. "అవి మీరు పెట్టవద్దు. మే నెలలో ఓడను ఇచ్చటికి తెమ్ము. నేను పెట్టెదను. చక్రము పెట్టినగాని ఓడ దిగదు" అనిరి.

"అట్లే నాన్నగారూ" అంటిని. ఆ కాగితపు మాట, అనగా ఆ దరఖాస్తు మాట, నా నోటివరకు వచ్చినది. రైలు వేళయైనదని అమ్మ పిలిచినది.

చక్రములను అగ్గిపెట్టెలో దూదివేసి పెట్టి ఆయన కిచ్చితిని. ఆయన దానిని చొక్కా జేబులో వేసికొనిరి. ఈ నెల అమ్మ ఫోనులో చెప్పినది: చొక్కా ఉతుకునపుడెల్ల ఆ అగ్గిపెట్టెను తీసి బల్లమీద పెట్టుట, ఆరిన తరువాత మరల జేబులో వేయుట తనకొక పనియైనదట.